నాలుగేళ్లకు పైగా వాడిన ఆఫీసు ఫైల్ సర్వర్: నాకు దాని లాగ్ ఒక్కటే చాలు

మా ఆఫీసులో అందరూ సర్వర్ అని పిలిచే ఈ రెండు డిస్కుల నాస్ బాక్స్‌లో, అంటే ఫైళ్లన్నీ ఒకచోట దాచి అన్ని కంప్యూటర్లకూ అందించే డబ్బాలో, నాకు అన్నిటికంటే నచ్చింది దాని లాగ్, ఎప్పుడు ఏం జరిగిందో టైమ్‌తో సహా అదే రాసుకునే చిట్టా. కొనేటప్పుడు దాని గురించి ఎవరూ అడగరు, అమ్మేవాళ్లూ చెప్పరు. ఎన్ని టీబీ, రెయిడ్ ఉందా, ఫోన్‌లో తెరుచుకుంటుందా, ఇవే మాటలు. వాటి జోలికి నేను పోను, ఎక్కడైనా దొరుకుతాయి. నెల్లూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో సిస్టమ్‌లు, బ్యాకప్‌లు చూసుకునేది నేనే. పది మందిలోపు స్టాఫ్. స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ షాపులు, రైస్ మిల్లులు, రొయ్యల మేత డీలర్లు మా క్లయింట్లు. వాళ్లందరి ట్యాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) డేటా, స్కాన్ చేసిన బిల్లులు, పాత రిటర్నులు అన్నీ ఇందులోనే.

మొదటి ఏడాది దీన్ని తెగ పొగిడాను. కావలిలో, గూడూరులో తెలిసిన ఆఫీసులవాళ్లు అడిగితే కళ్లు మూసుకుని తీసుకోండి అన్నాను. రెండో వేసవిలో కథ మారింది.

మా కంప్యూటర్లలో సర్వర్ ఎస్ డ్రైవ్‌గా కనపడుతుంది. ఉన్నట్టుండి దాని మీద ఎర్ర ఇంటూ మార్కు పడేది. ట్యాలీలో వోచర్ కొడుతున్న అమ్మాయి స్క్రీన్ అట్నే బిగుసుకుపోయేది. ఒక్కోసారి అర నిమిషంలో అదే తిరిగి వచ్చేది, ఒక్కోసారి ఐదు నిమిషాలు పట్టేది. వచ్చాక ట్యాలీలో ఆ క్లయింట్ కంపెనీ డేటా తెరిస్తే ఎర్రర్. ఆల్ట్ వై నొక్కి, రిపేర్ పెట్టి, అది అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. రిపేర్ అయ్యాక చూస్తే చివర్లో కొట్టిన వోచర్లు ఉండవు. జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్ 1 నెలలో 11లోపు, 3బీ 20లోపు, 3బీ మూడు నెలలకోసారి వేసేవాళ్లకు మన రాష్ట్రంలో 22. మే నెలాఖరుకి టీడీఎస్ రిటర్న్ కూడా. ఆ తేదీలు దగ్గర పడ్డప్పుడు "అన్నా, మళ్లా పోయిందన్నా!" అన్న కేక వినపడితే నాకు వచ్చే టెన్షన్ మాటల్లో చెప్పలేను. సార్ తన రూమ్‌లోంచి తొంగి చూసి "ఏందబ్బాయ్, ఇంత పెట్టి కొన్నదానికి కూడా ఇదే గోలా?" అనేవారు.

అందరి వేలూ ఈ బాక్స్ వైపే. దానికి వాళ్లకు కనపడ్డ కారణం కూడా బలమైనదే. సర్వర్ పోయిన క్షణంలో సార్ ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ బ్రహ్మాండంగా పనిచేసేది. నెట్ ఉంది, కంప్యూటర్లు ఆగలేదు, కరెంటు పోలేదు, ఇంక సర్వర్ కాక ఏం పోయినట్టు?

అమ్మిన షాపు నుంచి టెక్నీషియన్ వచ్చాడు. డిస్కులు చూశాడు, బాగున్నాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ అదే తంతు. రెండోసారి వచ్చినప్పుడు నేను లాగ్ తెరిచి చూపించాను. అందులో 'నెట్‌వర్క్ లింక్ డౌన్', దాని కిందే 'లింక్ అప్' అని జంటలు జంటలుగా ఎంట్రీలు. టైమ్ చూస్తే పొద్దున ఆరున్నర, ఏడు, ఎనిమిదిన్నర. "చూడన్నా, ఆఫీసులో ఎవరూ లేనప్పుడు కూడా పడిపోతాంది. డబ్బాలోనే ప్రాబ్లం. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కారణం తెలియకుండా క్లయింట్ల డేటా ఉన్న బాక్స్‌ని రీసెట్ చేయడమేమిటి? ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

అతను వెళ్లాక లాగ్‌ని పైనుంచి కిందకు నింపాదిగా చదివాను. అందులో నా లాగిన్ కూడా ఉంది, 4 గంటల 35 నిమిషాలకు. ఆ రోజు నేను ఆఫీసుకు వచ్చి దాన్ని తెరిచింది పది దాటాక. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. అంటే బాక్స్ పెట్టిన రోజు నుంచీ దాని గడియారం మన టైమ్ జోన్‌లో లేదు, గ్రీన్విచ్ లెక్కలో నడుస్తోంది. షాపువాళ్లు సెటప్‌లో ఆ ఒక్క గడి మార్చకుండా వదిలేశారు. ప్రతి ఎంట్రీకి ఐదున్నర గంటలు కలిపితే బొమ్మ మొత్తం తిరగబడింది. 6:40 అన్నది మధ్యాహ్నం 12:10. ఎంట్రీలన్నీ దాదాపు పన్నెండుకీ నాలుగుకీ మధ్యే. రాత్రిళ్లు ఒక్కటీ లేదు. ఆదివారాలు ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి కూడా లాగే చెప్పింది. బాక్స్ ఆగి మళ్లీ లేచి ఉంటే 'సరిగా షట్‌డౌన్ కాలేదు' అన్న ఎంట్రీ ఉండాలి. ఎక్కడా లేదు. అది వారాల తరబడి ఆగకుండా నడుస్తూనే ఉంది. పోతున్నది బాక్స్ కాదు, దానికి తగిలించిన వైరు అవతలి కొస.

మరుసటి రోజు ఒక కంప్యూటర్‌లో కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి, సర్వర్ అడ్రస్‌కి ఆగకుండా పింగ్ పెట్టి వదిలాను, అంటే 'ఉన్నావా' అని క్షణక్షణం అడిగేలా. ఈ చిట్కా ప్రతి ఆఫీసులోనూ పనికొస్తుంది. సర్వర్ ఒక్కటే పోతే ఆ తెర మీద 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అనో, 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అనో పడాలి. ఆ మధ్యాహ్నం కేకలు మొదలైనప్పుడు చూస్తే పడింది వేరే మాట, 'జనరల్ ఫెయిల్యూర్'. అంటే సర్వర్ దాకా పోవడం తర్వాత సంగతి, ఈ కంప్యూటర్‌కే నెట్‌వర్క్ లింక్ లేదు. అదే క్షణంలో సర్వర్‌కీ లింక్ లేదు. ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్కటే: తలుపు పైన అటక మీద పెట్టిన పదహారు పోర్టుల నెట్‌వర్క్ స్విచ్, అన్ని కంప్యూటర్ల వైర్లూ, సర్వర్ వైరూ వచ్చి కలిసే డబ్బా. సార్ ల్యాప్‌టాప్‌కి నెట్ ఎందుకు ఉందో కూడా అప్పుడు అర్థమైంది. అది వైఫైలో నేరుగా రౌటర్‌కి కలుస్తుంది, స్విచ్ దాటి పోయే పనే లేదు.

స్టూల్ వేసుకుని పైకెక్కి కనిపెట్టుకుని నిలబడ్డాను. రోళ్లు పగిలే రోహిణి కార్తె, ఆ అటక దగ్గర గాలి ఆడదు. కింద ఎవరో జిరాక్స్ మిషన్‌లో పేజీ పెట్టారు. అది నిద్ర లేచి గర్రుమంది. ట్యూబ్‌లైట్ ఒక్కసారి మసకబారి వెలిగింది. నా కళ్ల ముందు స్విచ్ లైట్లన్నీ ఆరిపోయాయి. క్షణం తర్వాత పదహారూ ఒకేసారి వెలిగాయి, మళ్లీ ఆరాయి, మళ్లీ వెలిగాయి. కింద నుంచి "అన్నా, పోయింది!" అని కేక. స్విచ్‌కి కరెంటు ఇచ్చే అడాప్టర్ మీద చెయ్యి పెడితే కాలిపోతోంది, ప్లాస్టిక్ ఒక పక్క కొంచెం ఉబ్బి ఉంది.

విషయం ఇది. కంప్యూటర్లు, సర్వర్ యూపీఎస్ మీద ఉన్నాయి. స్విచ్ మాత్రం జిరాక్స్ మిషన్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోనే గుచ్చి ఉంది. లేజర్ మిషన్ నిద్ర లేచినప్పుడు లోపలి ఫ్యూజర్ (ఇంకు పొడిని కాగితానికి అంటించే భాగం) వేడెక్కడానికి ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. మధ్యాహ్నం ఊళ్లో ఏసీలన్నీ ఆడుతుంటే వోల్టేజ్ ముందే దిగి ఉంటుంది. కొత్త అడాప్టర్ అయితే ఆ కుదుపు తట్టుకునేది. ఏళ్ల తరబడి అటక మీద వేడికి ఉడికిన అడాప్టర్‌లో కెపాసిటర్లు ఎండిపోయాయి, అది తట్టుకోలేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపిస్తే మీటర్ పెట్టి "12 వోల్టులు కరెక్టుగా వస్తాంది సార్" అన్నాడు. అడాప్టర్‌ని విడిగా పీకి పెడితే 12 చూపిస్తుంది. స్విచ్‌కి గుచ్చి, మూత విప్పి, లోపల టంకం వేసిన చోట పెట్టించాను. అప్పుడు ముల్లు 9 దగ్గరకు పడిపోయింది. లోడ్ లేకుండా అడాప్టర్‌ని కొలిస్తే ఏమీ తెలియదని అందరూ గుర్తుపెట్టుకోవాలి.

అంత చిన్న ఆటంకానికి ట్యాలీ ఎందుకు పాడవ్వాలి అని సార్ అడిగారు. లింక్ పోయిందని విండోస్‌కి తెలిసిన వెంటనే ఆ నెట్‌వర్క్ కార్డు మీద నడుస్తున్న కనెక్షన్లన్నీ తెంచేస్తుంది. స్విచ్ రెండు సెకన్లలో లేచినా, అప్పటికే సగం రాసిన ఫైలు చెయ్యి జారిపోయి ఉంటుంది.

నాలుగు వందల లోపు కొత్త అడాప్టర్, అదే వోల్టులు, ఆంపియర్లు కొంచెం ఎక్కువ, పిన్‌లో ప్లస్ మైనస్ అదే వరసలో ఉన్నది చూసి తెచ్చాం. స్విచ్‌ని యూపీఎస్ మీదకు మార్చాం. జిరాక్స్‌కి గోడ నుంచి విడిగా లైను వేయించాం. లేజర్ మిషన్‌ని ఎప్పుడూ యూపీఎస్ మీద పెట్టకండి. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆ జంట ఎంట్రీలు లాగ్‌లో మళ్లీ కనపడలేదు. జూలై 3బీల పని ఒక్క కేక లేకుండా జరిగిపోయింది. ఆ సంతోషం నాకు బోనస్ వచ్చినప్పుడు కూడా లేదు.

ఇంత చెప్పాక కొన్ని సంగతులు కూడా చెప్పాలి. లాగ్ తన కంటికి కనపడిందే రాస్తుంది. కిందటేడు ఒక కొత్త కంప్యూటర్ కొన్నాం, విండోస్ 11 ప్రో 24హెచ్2. అందులో ఎంత గింజుకున్నా సర్వర్ తెరుచుకోలేదు, పాతవన్నీ బాగానే తెరుస్తున్నాయి. లాగ్‌లో దాని ఊసే లేదు. ఎందుకంటే ఆ వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా తెరిచే గెస్ట్ షేర్లను (ఫోల్డర్లను) విండోసే తన వైపు ఆపేస్తుంది. అందరికీ విడివిడిగా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెడితే సరిపోయింది. అదీ మంచికే, ఎవరు ఏ ఫైలు తుడిచారో ఇప్పుడు పేరుతో సహా పడుతుంది. అలాగే జిరాక్స్ మిషన్ నుంచి స్కాన్ నేరుగా ఫోల్డర్‌లోకి రావాలంటే ఆ పాత మిషన్‌కి ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్‌ఎంబీ 1 తప్ప రాదు. 2017లో వాన్నాక్రై వైరస్ పాకింది ఆ దారిలోనే కాబట్టి దాన్ని తెరవడానికి నేను ఒప్పుకోలేదు, ఫైళ్లు పంపే ఇంకో పద్ధతి ఎఫ్‌టీపీలో పెట్టుకున్నాం.

ట్యాలీ సంగతి కూడా ముందు చెప్పినంత ధీమాగా ఇప్పుడు చెప్పను. లైవ్ డేటాని దీని మీద నుంచి తీసేశాం. అది ఇప్పుడు యూపీఎస్ ఉన్న ఒక మంచి కంప్యూటర్‌లో ఉంటుంది, సాయంత్రం బ్యాకప్ మాత్రం ఈ బాక్స్‌కి వస్తుంది. బిల్లులు, పీడీఎఫ్‌లు, ఎక్సెల్ షీట్లకు దీనికి వంక పెట్టలేను. రోజంతా పది చేతులు రాసే డేటాకి మాత్రం మధ్యలో ఉన్న ప్రతి వైరూ, ప్రతి అడాప్టరూ బాగుండాలి. మా ఆఫీసులో అది ఇప్పుడు బాగుంది, రేపు ఉంటుందో లేదో ఎవరు చూశారు. మే నెలలో డిస్కుల వేడి 50 డిగ్రీలు దాటుతుంది, రెండు నెలలు దాని పక్కనే చిన్న ఫ్యాన్ పెడతాను.

కావలి ఆయన మొన్న మళ్లీ ఫోన్ చేసి ఇప్పుడేం చెప్తావయ్యా అని అడిగారు. మీ ఆఫీసులో లాగ్ తెరిచి చదివే ఓపిక ఉన్న మనిషి ఒక్కరున్నా తీసుకోండి అన్నాను. అలాంటివాళ్లు లేకపోతే, అంతా షాపువాళ్ల మీద ఆధారపడేటట్టయితే, నేను గట్టిగా చెప్పలేను. తీసుకుంటే మాత్రం పెట్టిన రోజే టైమ్ జోన్ మార్చమనీ, స్విచ్ ఎక్కడ గుచ్చి ఉందో చూడమనీ చెప్పాను. ఆయన స్విచ్ కూడా జిరాక్స్ పక్కనే ఉందట.