వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్: ఒళ్లు నీలబడినప్పుడు ఎంతవరకు నమ్మవచ్చు?

పెదవులు, గోళ్లు నీలంగా కనిపిస్తున్నాయన్న అనుమానం రాగానే చాలా ఇళ్లలో ముందు వెతికేది వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ కోసమే. పెద్దవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే పరికరం. పసిపిల్లలకు మాత్రం పెట్టకూడదు. ఎవరికి పెట్టినా సరే, నాలుక నీలంగా ఉండి తెరమీద అంకె బాగుంటే, నమ్మాల్సింది నాలుకనే.

క్లిప్పులో ఒకవైపు నుంచి 660 నానోమీటర్ల ఎర్రని కాంతి, 940 నానోమీటర్ల పరారుణ కాంతి వేలిలోకి వెళ్తాయి. అవతలివైపు సెన్సర్ ఉంటుంది. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్, ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ ఈ రెండు కాంతులనూ వేర్వేరు పాళ్లలో పీల్చుకుంటాయి. నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే తీసుకుని, రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్ మోస్తోందో పరికరం లెక్కగడుతుంది. జపాన్ ఇంజనీరు టకువో అయోయగి 1970లలో రూపొందించిన పద్ధతి ఇదే.

దీని అసలు విలువ కంటి పరిమితిని దాటడంలో ఉంది. చర్మంలోని సన్నని రక్తనాళాల్లో ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ డెసీలీటరుకు సుమారు 5 గ్రాములకు చేరితేగాని నీలం రంగు స్పష్టంగా తేలదు. హిమోగ్లోబిన్ 15 ఉన్న మనిషిలో అది కనబడేసరికి ఆక్సిజన్ శాతం 80ల్లోకి దిగిపోయి ఉంటుంది. రక్తహీనతతో హిమోగ్లోబిన్ 6కు పడిపోయినవాళ్లలోనైతే ప్రమాదకరంగా తగ్గినా ఒళ్లు నీలబడకపోవచ్చు, పాలిపోయినట్టు మాత్రమే ఉంటుంది. అలాంటి చోట క్లిప్పు ముందే పట్టిస్తుంది.

వాడే తీరు తప్పితే అంకె కూడా తప్పుతుంది. నెయిల్ పాలిష్ తుడిచి, చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచి, ఐదు నిమిషాలు కూర్చోవాలి. చూపుడువేలో మధ్యవేలో క్లిప్పు చివరిదాకా దూర్చి, చెయ్యి కదపకుండా గుండె ఎత్తులో ఉంచాలి. మొదట కనబడే అంకెను పట్టించుకోవద్దు. అర నిమిషం నుంచి నిమిషం వరకు ఆగి, నిలకడగా ఉన్నదాన్ని రాసుకోండి. మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టి పరికరం చూపే నాడితో పోల్చండి. రెండూ కలవకపోతే ఆ శాతానికి విలువ లేదు. అందుకే నాడి తరంగాన్ని గీతగా చూపే మోడల్‌నే కొనమంటాం. ఒట్టి అంకెలే చూపేదైతే సంకేతం బలహీనంగా ఉన్న సంగతి తెలిసే దారే ఉండదు.

చలికి బిగుసుకున్న వేళ్లు, షాక్, రేనో జబ్బు (చలికి వేళ్ల రక్తనాళాలు బిగుసుకుపోయేది), ధమని మూసుకుపోవడం వంటివాటిలో చేతులకు రక్తమే సరిగా అందదు. అప్పుడు వేళ్లు నీలంగా ఉంటాయి, నాలుక గులాబీ రంగులోనే ఉంటుంది, క్లిప్పు తడబడుతుంది. నాలుక కూడా నీలబడితే కారణం ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో రక్తంలోనో ఉన్నట్టు. న్యుమోనియా, సీఓపీడీ (శ్వాసనాళాలు దీర్ఘకాలంగా మూసుకుపోయే జబ్బు), ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, నీరు చేరడం, మత్తుమందులతో శ్వాస మందగించడం పెద్దవాళ్లలో తరచుగా చూసేవి.

పరికరం పూర్తిగా దారితప్పేది మెథ్‌హిమోగ్లోబిన్ దగ్గర, అంటే ఆక్సిజన్ మోయలేని రూపానికి మారిన హిమోగ్లోబిన్ దగ్గర. డాప్సోన్, బెంజోకైన్ అనే మందులు, నైట్రైట్లు, పసిపిల్లల్లో నైట్రేట్లు ఎక్కువున్న బావినీళ్లతో కలిపిన పాలు దీనికి కారణం కావచ్చు. మెథ్‌హిమోగ్లోబిన్ రెండు కాంతులనూ దాదాపు సమంగా పీల్చుకుంటుంది. కాబట్టి అది పెరిగేకొద్దీ రీడింగ్ 85 దగ్గర అతుక్కుపోతుంది, ఆక్సిజన్ పెట్టినా కదలదు. తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉండి, గాలి తగిలినా ఎర్రబడదు. తేల్చేది రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడివిడిగా కొలిచే కో-ఆక్సీమెట్రీ పరీక్ష ఒక్కటే. చికిత్స మిథిలీన్ బ్లూ, కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లకు అది హాని చేస్తుంది గనుక ముందే అడిగి తెలుసుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్ విషంలో దీనికి విరుద్ధం: ప్రాణం మీదికొచ్చినా రీడింగ్ బాగున్నట్టే ఉంటుంది.

నల్లని చర్మం ఉన్నవాళ్లలో రీడింగ్ అసలుకంటే ఎక్కువ చూపే అవకాశముందని 2020లో వచ్చిన అధ్యయనంతో గట్టిగా చర్చకు వచ్చింది. ఇది చిన్న లోపం కాదు. 93 చూపినా ఆయాసం ఉంటే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. 70కి దిగువన వచ్చే అంకెలు ఇంకా నమ్మలేనివి, ఎందుకంటే అంత తక్కువ స్థాయిలో వాలంటీర్ల మీద సరిచూడటం కుదరదు.

పసివాళ్ల సంగతి వేరు. సన్నని వేలిలోంచి కాకుండా పక్కనుంచి కాంతి సెన్సర్‌ను చేరి తప్పు అంకె పుడుతుంది. వాళ్లకు చుట్టిపెట్టే ప్రోబ్ కావాలి, కాంతి వచ్చే భాగం, సెన్సర్ ఎదురెదురుగా పడేలా అరచేతికో పాదానికో చుట్టాలి. పుట్టిన మొదటి రోజుల్లో చేతులు, కాళ్లు మాత్రమే నీలంగా ఉండటం మామూలే. పుట్టిన ఐదో నిమిషానికి 80 నుంచి 85 శాతం ఉన్నా కంగారు అక్కర్లేదు. 24 గంటలు దాటాక మాత్రం కుడిచెయ్యి, ఒక పాదం రెండింటా కొలవాలి. రెండింట్లోనూ 95 లేదా అంతకంటే ఎక్కువ, తేడా 3 లోపు ఉంటే సరే. ఏ ఒక్కటి 90 కంటే తగ్గినా వెంటనే గుండె ఎకో తీయించాలి. పాదంలో తక్కువ ఉంటే డక్టస్ (కడుపులో ఉన్నప్పటినుంచి ఊపిరితిత్తుల ధమనిని మహాధమనితో కలిపే నాళం) గుండా నీలిరక్తం కిందికి పోతోందని అర్థం. కుడిచెయ్యే ఎందుకంటే, దానికి రక్తం డక్టస్‌కు ముందే విడిపోతుంది. వంద శాతం ఆక్సిజన్ పది నిమిషాలు ఇచ్చినా ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 మిల్లీమీటర్ల పాదరసం దాటకపోతే ఫాలోస్ టెట్రాలజీ, మహాధమనులు తారుమారవడం లాంటి గుండె లోపాన్ని గట్టిగా అనుమానిస్తారు.

ఇంట్లో పెద్దవాళ్లకోసం తరంగం చూపే క్లిప్పు కొనండి. పుట్టుకతో గుండె లోపం ఉన్న పాపకు రోజూ చూడమని వైద్యులు చెప్పి ఉంటే చుట్టే ప్రోబ్, అలారం రెండూ ఉన్న యంత్రమే తీసుకోవాలి. ఏ అంకె దగ్గర అలారం మోగాలో ఆ పాప వైద్యుణ్ణే అడిగి పెట్టించుకోండి. కొన్ని లోపాల్లో 75 నుంచి 85 మధ్య ఉండటమే ఆ బిడ్డకు అనుకున్న స్థాయి.