లేసిక్ తర్వాత నాలుగేళ్లు: చూపు బాగుంది, కళ్లు ఎండిపోతున్నాయి

అద్దాలు అక్కర్లేకుండా కంటికి లేజర్‌తో చేసే లేసిక్ ఆపరేషన్ చేయించుకుని నాలుగేళ్లయింది, చూపు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. రెండు కళ్లకీ మైనస్ అయిదు దాటిన పవర్ ఉండేది, వానలో పర్లాకిమిడి నుంచి పాతపట్నం స్కూటీ మీద వెళ్తూ అద్దాలు తుడుచుకునే బాధ పోయింది. మొదట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చేయించుకోమనే చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

విశాఖలో ఆపరేషన్‌కి ముందు "కొన్నాళ్లు డ్రాప్స్ వేసుకోవాలమ్మా" అన్నారు, అంతే. ఆ కొన్నాళ్లు ఇంకా అవ్వలేదు. చలికాలంలో ఒక పొద్దున్న ఎదురుగాలికి కళ్లమ్మట ధారగా నీళ్లు కారి ముందున్న లారీ మసకైపోయింది, భయమేసి బండి పక్కకి ఆపేశాను. ఇంట్లో జలుబన్నారు. తర్వాత చూపించుకున్న డాక్టరు చెప్పారు, ఎండిన కన్నే మంటపుట్టి అలా నీళ్లు కారుస్తుందట. ఆపరేషన్‌లో కార్నియా (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే భాగం) మీద పొర కోసి లేపినప్పుడు సన్నటి నరాలు తెగుతాయి, కన్ను ఎండుతోందని కన్నీటి గ్రంథికి కబురు పంపేవి అవే. చాలామందికి 6 నెలల నుంచి ఏడాదిలో సర్దుకుంటుంది, నాకు పూర్తిగా సర్దుకోలేదు.

నా కోపమంతా ఒక కాగితం ముక్క గురించి. షిర్మర్ పరీక్ష అని ఉంది: సన్నటి కాగితం పట్టీని కింది రెప్పలో 5 నిమిషాలు ఉంచి ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు, బాగా తక్కువ తడిస్తే కన్నీళ్లు చాలడం లేదని అనుమానించాలి. నాకు కార్నియా మందం కొలిచారు, దాని వంపుల మ్యాప్ తీశారు, కాంటాక్ట్ లెన్సులు ముందే ఆపించారు, ఇదొక్కటే చేయలేదు. రోజంతా కంప్యూటర్‌లో బిల్లులు కొట్టే పని నాది, స్క్రీన్ చూస్తుంటే రెప్ప వేయడమే తగ్గిపోతుంది, ఆ సంగతి చెప్పినా చేయలేదు!

ఇప్పుడు ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేని డ్రాప్స్ వాడుతున్నాను, ఎందుకంటే రోజుకి చాలాసార్లు వేసుకునేవాళ్లకి ఆ ప్రిజర్వేటివే కంటిని ఇంకా మండించవచ్చు. మా వీధి మందుల షాపులో అవి ఉండవు, బరంపురం వెళ్లేవాళ్లతో తెప్పించుకుంటాను. వీటితో చాలా నయం. రాత్రి లైట్ల చుట్టూ కనిపించే వలయాలు కూడా తగ్గాయి.

నాకున్నంత పవర్ ఉంటే మళ్లీ చేయించుకుంటానేమో. మైనస్ ఒకటి, రెండు ఉన్నవాళ్లు, ముందునుంచే కళ్లు మండేవాళ్లు మాత్రం తొందరపడొద్దు, నలభై దాటాక చదవడానికి అద్దాలు ఎలాగూ చాలామందికి తప్పవు. మా ఆడపడుచు కూతురు చేయించుకుంటానంటోంది. పవర్ ఇంకా మారుతోంది కాబట్టి ఏడాదైనా నిలకడగా ఉందో లేదో చూసుకోమన్నాను, వెళ్లినప్పుడు ఆ కాగితం పరీక్ష నోరు తెరిచి అడగమన్నాను.