మెరిసే ‘జిట్రేగి’ టేబులా, మాసిన టేకు టేబులా: ఏది మేలు?

హనుమకొండలో సెకండ్‌హ్యాండ్ ఫర్నిచర్ చూడటానికి వెళ్తే ఒకే సైజులో రెండు రకాల టేబుళ్లు కనిపిస్తాయి. ఒకటి కొత్తగా ముదురు పాలిష్ పట్టి తళతళలాడుతుంటుంది. ‘అసలు జిట్రేగి సార్’ అంటాడు అమ్మేటాయన, అంటే రోజ్‌వుడ్. ఇంకోటి ఏ ఆఫీసులోనో పాతబడ్డది. పైన చాయ్ గ్లాసుల మరకలు, ఒక కాలు కొంచెం ఊగుతుంది. నా ఓటు రెండోదానికే, అది టేకు అని తేలితే.

ముదురు పాలిష్ కింద ఏ చెక్క ఉందో పైనుంచి చూసి చెప్పడం వడ్లాయనకే కష్టం. నల్లమద్దికి సహజంగానే నల్లటి చారలుంటాయి, కాస్త రంగు పడితే జిట్రేగే అనిపిస్తుంది. మామిడి చెక్కకైనా లప్పం పెట్టి రంగేస్తే పోల్చుకోలేం. అందుకే సొరుగు బయటికి లాగి, టేబుల్ తిరగేయించండి. కాళ్ల అడుగున, పైచెక్క కింద పాలిష్ పట్టేవాళ్లు తక్కువ. అక్కడ ఉప్పుకాగితంతో రెండుసార్లు రుద్దితే అసలు రంగు బయటపడుతుంది. టేకైతే బంగారు గోధుమ రంగు, చేతికి కొంచెం జిడ్డుగా తగులుతుంది, తోలు లాంటి వాసన. అడ్డకోతలో వలయాల వెంట చిన్న చిన్న రంధ్రాలు వరసగా కంటికే కనిపిస్తాయి. జిట్రేగి ఊదా కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, వాసన తియ్యగా వస్తుంది. వేప పొట్టు నాలుకకు తగిలితే చేదు.

బరువు చూసి మోసపోవద్దు. ఎండిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు, జిట్రేగి 24 దాకా. కానీ ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక కూడా 20 కిలోల వరకు తూగుతుంది! దాని మీద పల్చటి టేకు పొర అతికించారా అన్నది అంచు దగ్గర తెలుస్తుంది: పైన గీతలు అంచు మీదుగా కిందికి దిగకుండా అక్కడే తెగిపోతే అది వెనీర్. అలాంటిది టేకు ధరకు కొనే పనే లేదు.

టేకులోనూ చేవ, అంటే మాను నడిమి ముదురు భాగం ఉన్నదే టేకు. పక్కనుండే తెల్ల భాగానికి పురుగు తొందరగా పడుతుంది, ముదురు రంగు దాన్నీ కప్పేస్తుంది. పాత దర్వాజలు కోసి చేసిన టేబుల్‌లో మేకుల బొక్కలు పూడ్చిన గుర్తులుంటే భయపడకండి, ఏళ్ల తరబడి ఎండిన చెక్క అంత తొందరగా వంకర తిరగదు.

ఇక ధర. నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, అంగుళం మందం ఉన్న పైచెక్క 0.83 ఘనపుటడుగులు. రెండున్నర అంగుళాల చదరపు కాళ్లు నాలుగు, చుట్టూ నాలుగంగుళాల పట్టీలు కలిపితే మరో 0.8. అంటే మొత్తం ఒకటిన్నర ఘనపుటడుగుల పైచిలుకు. టింబర్ డిపోలో టేకు ఘనపుటడుగు రేటు అడిగి దీంతో గుణిస్తే కొత్త చెక్క ఖర్చు వస్తుంది. పాతదానికి అంతకన్నా తక్కువే పెట్టాలి, పాలిష్ కూలి, కాలు బిగించే కూలి అందులోంచే తీసేయాలి. ఊగే కాలు పెద్ద లోపం కాదు, కుసి (రంధ్రంలో దూర్చే కాలి కొన) వదులైతే వడ్లాయన ఒక్క పూటలో బిగిస్తాడు. చిన్న బొక్కల్లోంచి సన్నటి పిండి రాలుతుంటే మాత్రం బేరమే వద్దు.

మెరిసేది నిజంగా జిట్రేగి అని తేలితే దాన్నే తీసుకోండి, ఆ చెక్క టేకు కన్నా గట్టిది, దొరకడమూ తక్కువ. కానీ అమ్మేటాయన టేబుల్ తిరగేయనివ్వకపోతే జిట్రేగి రేటు ఇవ్వకండి.