బెంగళూరులో పంటి ఇంప్లాంట్ వేయించుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి

ముందే చెప్తున్నా, ఇంప్లాంట్ (పన్ను పోయిన చోట దవడ ఎముకలోకి స్క్రూ దింపి దాని మీద పెట్టే పన్ను) వద్దని చెప్పడానికి కాదు ఇది రాసేది. మా మామకు రెండు ఉన్నాయి, తొమ్మిదేళ్ళయింది, ఆ పక్కన పెట్టి చెరుకు కూడా కొరుకుతాడు. నేను మోసపోయింది దేంట్లోనో అది చెప్తా, మీరు మోసపోకండి.

మాది కదిరి, పద్నాలుగేళ్ళుగా మారతహళ్ళిలో ఉంటున్నాం. కింది దవడలో కుడిపక్క పెద్ద పన్నుకి రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ వేయించుకోకుండా బద్ధకించినా, అది రెండు బద్దలైంది, ఐదేళ్ళ కింద పీకించేసినా. అప్పట్నుంచీ ఎడమపక్కే నమలడం. పోయినేడు జూన్‌లో ఫోన్‌లో ఒక యాడ్ వచ్చింది, ఇంప్లాంట్ 14,999 మాత్రమే, మూడు రోజుల్లో పన్ను అని. నంబర్ పెట్టినా అంతే, పది నిమిషాల్లో ఫోన్. ఆ అమ్మాయి కన్నడలో మొదలుపెట్టి, నా కన్నడ రెండు ముక్కలు వినంగానే "తెలుగా అన్నా మీరు? మాది నెల్లూరు" అనింది. అక్కడే సగం పడిపోయినా నేను. ఈ ఊర్లో మన భాష వినపడితే మనకేదో మేనత్త కూతురు దొరికినట్టు ఉంటుంది కదా, వాళ్ళకీ ఆ సంగతి బాగా తెలుసు.

క్లినిక్ రింగ్ రోడ్డు మీదే, అద్దాలు, కాఫీ మెషిన్, ఏసీ. పేరు రాయను, కంప్లైంట్ నడుస్తోంది. డాక్టరమ్మ నా నోరు చూసింది ఐదు నిమిషాలు, తర్వాత కోఆర్డినేటర్ అని ఈ నెల్లూరు అమ్మాయే ట్యాబ్ పట్టుకుని కూర్చుంది నలభై నిమిషాలు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. 14,999 అనేది ఎముకలోకి పోయే స్క్రూకి మాత్రమేనంట. దాని మీద అబట్‌మెంట్ అని ఒక ముక్క కూర్చోబెడతారు, అది 8,500. దానిపైన జిర్కోనియా (పింగాణీ లాంటి తెల్లటి గట్టి పదార్థం) క్యాప్ 12,000. సర్జరీ కిట్ అని 3,500, లైఫ్‌టైమ్ వారంటీ కార్డు 3,000. మొత్తం 41,999. స్క్రూ ఒక్కటే వేసుకుని నేనేం చేసుకోవాలమ్మా, గోడకి క్యాలెండర్ తగిలించుకోవాలా అంటే నవ్వింది. "నెలకు 3,500 అన్నా, వడ్డీ లేదు" అని ట్యాబ్ నా వైపు తిప్పి ఓటీపీ చెప్పమనింది, నేను చెప్పినా. అది లోన్ కంపెనీ లోన్ అని, క్లినిక్‌కి మొత్తం డబ్బు ముందే పోతుందని ఇంటికొచ్చి మెసేజ్ చదివినాక తెలిసింది.

ఇంకోటి, ఇది నా తప్పు కూడా. షుగర్, బీపీ, ఎముకల మందులు, సిగరెట్ అలవాటు ఉన్నాయా అని ఒక ఫారం ఉంటుంది. ఆ అమ్మాయే గబగబా టిక్కులు పెట్టుకుంటూ "అన్నీ నో కదా అన్నా" అనింది. నేను ఫోన్ చూసుకుంటూ ఊ అన్నా. నాకు నాలుగేళ్ళుగా షుగర్, రోజూ మాత్ర వేసుకుంటా.

జులైలో ఒక శనివారం సాయంత్రం బయటి నుంచి ఒక డాక్టర్ వచ్చినాడు, మాస్క్‌లోనే చూసినా, మళ్ళీ ఎప్పుడూ కనపడలేదు. నిజం చెప్పాలంటే నొప్పి ఏం లేదు, ఇంజెక్షన్ పోటు అంతే, డ్రిల్ చెవిలో గుయ్యిమంటుంది. అరగంటలో అయిపోయింది. మంగళవారానికి క్యాప్ కూడా పెట్టేసినారు. ఫ్యామిలీ గ్రూప్‌లో ఫోటో పెట్టి పొగిడించుకున్నా కూడా.

ఆరో వారం నుంచి మొదలైంది. నొప్పి అని కాదు, ఒక బరువు, బ్రష్ చేస్తే చిగురు దగ్గర రక్తం, ఒకరకం వాసన. నాలుకతో తోస్తే పన్ను కదుల్తోంది. మూడుసార్లు పోయినా, మూడుసార్లూ "సెట్ అవుతోంది సార్" అని మౌత్‌వాష్ ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి. సెప్టెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున ఉగ్గాని తింటున్నా. చికెన్ ఎముక కాదు సామీ, శెనక్కాయ కూడా కాదు, ఉగ్గాని! కట్‌మని ఏదో తగిలింది, రాయి అనుకుని సింక్ దగ్గర ఉమ్మితే టక్కున పడింది, చూస్తే పైన తెల్లటి క్యాప్, కింద బూడిద రంగు స్క్రూ, స్క్రూ మర గీతల మధ్య రక్తం మరక. మొత్తం కలిపి నా చిటికెన వేలి గోరుకి రెండింతలు ఉంటుందేమో. నలభై రెండు వేలు. మా ఆవిడ చూసి "ఇది ఇంత చిన్నదా" అనింది, ఇంకేం అనలేదు పాపం.

తర్వాత బీటీఎమ్ లేఅవుట్‌లో ఒక పెద్ద డెంటిస్టాయన దగ్గరికి పోయినా, కన్నడాయన, పాత క్లినిక్, కాఫీ మెషిన్ లేదు. ఆయన స్క్రూని చేతిలో తిప్పి చూసి అడిగిన మొదటి మాట, స్టిక్కర్ ఏదీ అని. నాకు అర్థం కాలేదు. ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ పేరు, లాట్ నంబర్, వెడల్పు, పొడవు రాసిన అంటించే స్టిక్కర్లు ఉంటాయి, ఒకటి మన ఫైల్లో, ఒకటి మన చేతికి ఇవ్వాలి. ఎందుకంటే ఒక కంపెనీ స్క్రూకి ఇంకో కంపెనీ అబట్‌మెంట్ మామూలుగా పట్టదు. పదేళ్ళ తర్వాత విజయవాడలోనో చెన్నైలోనో క్యాప్ ఊడితే, అక్కడి డాక్టర్ ఏ పార్ట్ తెప్పించాలో ఆ స్టిక్కర్ చూసే చెప్తాడు. నాకు స్విస్ కంపెనీది అని చెప్పి వేసినారు. స్టిక్కర్ అడిగితే ఇప్పటికీ రాలేదు. వేసింది ఏదో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన పెన్సిల్‌తో గీసి చెప్పినాడు, నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పని సంగతి. స్వీడన్‌లో బ్రానెమార్క్ అని ఒక డాక్టర్, 1952లో కుందేలు ఎముకలో టైటానియం గొట్టం పెట్టి ఏదో పరిశోధన చేస్తా ఉన్నాడంట. పని అయినాక దాన్ని తీద్దామంటే రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. అక్కడి నుంచి పుట్టిందే ఈ వైద్యం, 1965లో మొదటిసారి మనిషికి వేసినారు. అంటే తీసినా రాకపోవడమే దాని గొప్ప, నాది ఉగ్గానికే వచ్చేసింది. అయితే ఎముక పట్టుకోవడానికి టైం కావాలి, కింది దవడకి ఇంచుమించు మూడు నెలలు, పైదానికి ఇంకా ఎక్కువ, ఆరు దాకా. ఆ లోపల స్క్రూ కదలకూడదు. కదుల్తా ఉంటే చుట్టూ ఎముక బదులు మెత్తటి పొర పెరుగుతుంది, అప్పుడు చేసేదేం లేదు. వెంటనే క్యాప్ పెట్టే పద్ధతి అబద్ధమేమీ కాదు, స్క్రూ గట్టిగా బిగిసి ఎముక బాగుంటే, చూసి చేస్తారంట. నాలాగా షుగర్ ఉన్నోడికి, ఎముక సన్నబడిన చోట, నమిలే బరువంతా పడే దవడ పన్నుకి మూడోరోజు క్యాప్ అనేది జూదం అన్నాడు.

ఎముక సన్నబడిందని ఎలా తెలిసింది అంటే స్కాన్‌లో. పన్ను పీకినాక ఆ చోట ఎముక కరుగుతా పోతుందంట, మొదటి ఏడాదే ఎక్కువ. ముందు క్లినిక్‌లో తీసింది ఓపీజీ, అంటే దవడంతా ఒకే బల్లపరుపు ఫోటో, అందులో ఎముక ఎత్తు కనపడుతుంది గానీ వెడల్పు కనపడదు. సీబీసీటీ అని ఇంకోటి ఉంది, అది దవడని ముక్కలు కోసి చూపించినట్టు చూపిస్తుంది. ఈయన తీయించినప్పుడు చూస్తే బుగ్గ వైపు ఎముక కాగితమంత. కింద పెదవికి స్పర్శ ఇచ్చే నరం దవడ లోపలే పోతుంది, దానికి స్క్రూ తగిలి ఉంటే పెదవి, గడ్డం మొద్దుబారిపోయేవి. "నరం తప్పింది, అదృష్టవంతుడివి" అన్నాడు. నలభై రెండు వేల అదృష్టం. షుగర్ టెస్ట్ రాస్తే మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ అంటారు) 8.4 శాతం వచ్చింది.

కాబట్టి మీరు పోయినప్పుడు, స్కాన్ ఏది, స్క్రూ ఏ సైజు, ఎందుకు ఆ సైజు అని అడగండి, స్క్రీన్ మీద చూపించమనండి, చూపించేవాడు చూపిస్తాడు. స్క్రూ, అబట్‌మెంట్, క్యాప్, ఎముక పోయాల్సి వస్తే (అంటే సన్నబడిన చోట ఎముక పొడి నింపడం, బోన్ గ్రాఫ్ట్) దానికి, అన్నీ కలిపి ఒకే కాగితం మీద రాయించుకోండి. వేసేది ఎవరు, ఆయన మళ్ళీ దొరుకుతాడా, ఎండీఎస్ (పళ్ళ డాక్టర్ల పీజీ) దేంట్లో అని అడగడానికి మొహమాటం వద్దు. షుగర్, సిగరెట్ దాచకండి, ఎముకలు గట్టిపడటానికి ఇంజెక్షన్లు, మాత్రలు వాడే అమ్మావాళ్ళుంటే అది మరీ ముఖ్యంగా చెప్పండి. స్టిక్కర్ చేతిలో పడినాకే మిగతా డబ్బు. పక్క పండ్లు ఎలాగూ అరిగి క్యాప్‌కి వచ్చి ఉంటే బ్రిడ్జి (అటూ ఇటూ పండ్లకి క్యాప్‌లు వేసి మధ్యలో పన్ను నిలబెట్టడం) కూడా మంచి దారే, నన్ను ఆ మాట ఒక్కరూ అడగలేదు, మంచి పండ్లు అరగదీయించుకోవాలంటే మాత్రం ఆలోచించండి.

వారంటీ కార్డు కథ కూడా చెప్పాలి. స్క్రూ పట్టుకుని పోతే మేనేజర్ అన్నది, ఇంకో స్క్రూ ఫ్రీ సార్, కానీ ముందు ఎముక పోయాలి, దానికి 18,000, అబట్‌మెంట్ మళ్ళీ 8,500. కార్డు వెనక చీమ అంత అక్షరాల్లో స్క్రూ మెటల్ విరిగితేనే అని ఉంది. విరగలేదే, ఊడింది! లోన్ కంపెనీకి ఫోన్ చేస్తే క్లినిక్‌తో మాకు సంబంధం లేదు, కంతు కట్టకపోతే బ్యాంకులు లోన్లిచ్చేముందు చూసే సిబిల్ స్కోర్ పోతుంది అన్నారు.

ముందు 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా, తర్వాత రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కి కాగితం పంపినా. జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో వేయడానికి రెండేళ్ళు టైం ఉంది, కట్టింది ఐదు లక్షల లోపలైతే ఫీజు లేదు, లాయర్ లేకుండా కూడా వేసుకోవచ్చు. బిల్లు, వాట్సాప్ చాట్లు, ఆ యాడ్ స్క్రీన్‌షాట్, అన్నీ పెట్టుకున్నా. స్క్రూ ఒక జిప్ కవర్లో బీరువాలో ఉంది, మా పాప స్కూల్లో ఫ్రెండ్స్‌కి చూపిస్తానంటే ఇవ్వలేదు.

అక్టోబర్‌లో పెద్దాయన ఎముక పోసినాడు, ఆ షుగర్ సగటు 7 కిందికి తెచ్చుకుని రా, ఫిబ్రవరిలో చూద్దాం అన్నాడు. ఇంకా ఐదు కంతులు ఉన్నాయి, లేని పన్నుకి. నిన్న నెల్లూరు అమ్మాయి నుంచి మెసేజ్, "అన్నా, సంక్రాంతి ఆఫర్, రెండు ఇంప్లాంట్లకి ఫ్యామిలీ మొత్తానికి క్లీనింగ్ ఫ్రీ" అని.