హొసైనా పెద్దల రాజీ: గట్టు తగాదాకు భేష్, అన్నిటికీ కాదు

అడిస్ అబాబాకు నైరుతిగా సుమారు 230 కిలోమీటర్లు వెళితే హొసైనా. ఇథియోపియాలో హదియా ప్రజల ముఖ్య పట్టణం. చుట్టుపక్కల ఊళ్లలో అప్పు పేచీ నుంచి హత్య దాకా ఏ గొడవైనా ముందు పెద్దల దగ్గరికే వెళ్తుంది. అమ్హారిక్‌లో వీళ్లు షిమగిలేలు. వీళ్లు పట్టుకునే కట్టుబాటు పేరు సేరా. పొలం తగువులకైతే ఈ పద్ధతికి ఐదుకు నాలుగున్నర మార్కులు. ఆడవాళ్ల మీద నేరాలకు సున్నా.

ఫీజు లేదు. కాఫీ, భోజనం ఖర్చు మీదే. రెండు పక్షాలూ తమకు నమ్మకమున్న పెద్దల్ని ఎంచుకుంటాయి. ఎన్సెట్ (అరటిని పోలిన మొక్క, అక్కడి ముఖ్యాహారం) తోట హద్దు దగ్గర పేచీ అయితే పెద్దలు స్వయంగా గట్టు వెంట నడిచి చూస్తారు. ఒకరు చెబుతుంటే రెండోవారు అడ్డు రాకూడదు. తేలకపోతే కెతెరో, అంటే వాయిదా. తీర్పుకు ముందే ఇరువైపులా వాస్, అంటే జామీను అడుగుతారు. జామీను లేని రాజీ నాలుగు రోజులు నిలవదు.

హత్యలో పద్ధతి వేరు. చంపినవాడు ఎదుట పడడు, అతని తరఫున పెద్దలు చనిపోయినవాడి ఇంటికి వెళ్తారు. మొదటిసారి ఆ ఇంటివాళ్లు వెనక్కి పంపేస్తారు. దాన్ని అవమానమనుకుని ఆగిపోతే పని చెడినట్టే, ఆ తిరస్కారం కూడా తతంగంలో భాగమే. రాజీ కుదిరేదాకా రెండు కుటుంబాలూ కలిసి తినవు, తాగవు. పరిహారం ఒక్కడి జేబులోంచి కాదు, వంశమంతా చందా వేసుకుంటుంది. అసలు పట్టు ఇక్కడే ఉంది. మళ్లీ డబ్బు కట్టాల్సివస్తుందని బంధువులే కుర్రాళ్లను అదుపులో పెడతారు.

అయితే రాజీ అయింది కదా అని కేసు పోదు. హత్య మీద ప్రభుత్వమే కేసు నడుపుతుంది. 2004 క్రిమినల్ కోడ్ 82వ అధికరణం ప్రకారం పశ్చాత్తాపం, నష్టపరిహారం శిక్ష తగ్గడానికి పనికొస్తాయి, అంతే. చాలామంది పొరబడేది దీని దగ్గరే.

భార్యాభర్తల ఆస్తి, కాపురం గొడవలకు రాజ్యాంగం 34(5) ఆచార చట్టానికి చోటిచ్చింది, కానీ ఇద్దరూ ఒప్పుకుంటేనే. పెద్దల్లో ఆడవాళ్లు అరుదు. ఇక పిల్లను ఎత్తుకెళ్లి, తర్వాత పెళ్లితో సర్దుబాటు చేసే పాత అలవాటు ఉంది చూశారూ, అలాంటి పెళ్లి చేసుకున్నవాడికి మినహాయింపునిచ్చిన పాత నిబంధన 2004 కోడ్‌లో లేదు. అలాంటి విషయంలో నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్లాలి.

నోటిమాట రాజీతో సరిపెట్టుకోవద్దు. కాగితం మీద రాయించి, పెద్దల, జామీనుదారుల సంతకాలు పెట్టించి, ప్రతి పక్షం ఒక ప్రతి ఉంచుకోవాలి.

అక్కడి యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పే మన తెలుగువాళ్లకు ఇంటి ఓనరుతో అడ్వాన్స్ పేచీ వస్తే ఈ దారి బాగానే పనికొస్తుంది. అమ్హారిక్ వచ్చిన తోటి ఉద్యోగిని వెంటబెట్టుకెళ్లండి. కాఫీ మూడు విడతలుగా వస్తుంది, మొదటి కప్పుకే లేచి రాకండి.