ఇంగ్లండ్ ప్రయాణానికి తొక్కులు, పొడులు: నల్లగొండలో ఒక నమ్మకమైన దుకాణం

ఇంగ్లండ్‌లో కొత్తగా కాపురం పెడుతున్న పిల్లలకు సామాను సర్దే తల్లిదండ్రులకు నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి తొక్కుల దుకాణం ఒకటి ఎంతో ఆసరాగా ఉంటుంది. మా అమ్మాయి, అల్లుడు లండన్‌కు వాయవ్యాన, హారో పరిధిలోని పిన్నర్‌లో అద్దెకు దిగారు. వీధి పొడవునా చెట్లు, ఇంటి వెనుక చిన్న తోట ఉన్న ప్రశాంతమైన చోటు అది. బియ్యం, పప్పులు, జొన్నపిండి వెంబ్లీలోని ఈలింగ్ రోడ్డు దుకాణాల్లో దొరుకుతాయి కాబట్టి వాటిని ఇక్కడి నుంచి మోయాల్సిన పని లేదు.

అక్కడి వంటింట్లో అసలు ఇబ్బంది పోపుతోనే. ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్లకు అంతస్తుకొక పొగ అలారం ఉండాలని 2015 నుంచి నిబంధన ఉంది. డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడి, చలికి కిటికీలన్నీ మూసుకున్న ఇంట్లో ఎండుమిరపకాయలు వేయిస్తే అలారం మోగుతుంది, ఘాటు పరుపులకూ పట్టేస్తుంది. దుకాణం నడిపే ఆమె పిల్లలు ఎలాంటి ఇంట్లో ఉంటున్నారో అడిగి తెలుసుకుని, వేడి అన్నంలో నేరుగా కలుపుకునే పల్లీల పొడి, నువ్వుల పొడి, అవిసెల కారం ఎక్కువగా ఇచ్చారు. అవిసెలను దోరగా వేయించి, మరీ మెత్తగా కాకుండా పలుకు తగిలేలా దంచడంతో ఆ కారానికి మంచి రుచి వచ్చింది. పుంటికూర తొక్కు పులుపు సరిగ్గా కుదిరింది. మామిడికాయ తొక్కులో మాత్రం ఉప్పు కొంచెం ఎక్కువే.

నేను నెయ్యి డబ్బా, పాలకోవా కూడా అడిగితే ఆమె, "అక్కా, పాలతోటి చేసినవి ఆడ రానియ్యరు, పైసలు దండుగ" అని చెప్పి అమ్మలేదు. మన దేశం నుంచి వెళ్లే ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో తయారైన పదార్థాలు బ్రిటన్‌లోకి తీసుకెళ్లకూడదన్నది నిజమే. చేతికందిన బేరాన్ని వదులుకుని మరీ ఉన్నమాట చెప్పే దుకాణదారులు అరుదు.

తొక్కు డబ్బాలను మూత చుట్టూ టేపు వేసి, రెండు మందపాటి కవర్లలో పెట్టి అంటించారు. పెట్టెలో ఒక్క చుక్క నూనె కారలేదు. సకినాలను మాత్రం పలుచని కవర్లో కట్టడం వల్ల సగానికి సగం విరిగిపోయాయి. వాటి కోసం గట్టి డబ్బా మనమే తీసుకెళ్లి, దుకాణంలోనే అందులో పేర్పించుకోవడం మంచిది. సంక్రాంతి ముందైతే రద్దీ ఎక్కువ కాబట్టి సకినాలకు వారం ముందే చెప్పి ఉంచాలి.