హెర్2 పాజిటివ్, ట్రిపుల్ నెగటివ్: యాంటిజెన్ల తేడా

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే మనవాళ్లు రొమ్ము క్యాన్సర్ రిపోర్ట్ చూపించి ముందుగా అడిగేది "ఏ స్టేజ్?" అని. కణం మీద ఏ యాంటిజెన్ (మందు గురిపెట్టగల గుర్తు ప్రోటీన్) ఉందో కూడా అడగండి. మందు చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది.

హెర్2 పాజిటివ్‌లో గురి స్పష్టం. హెర్2 ప్రోటీన్ కణం పైపొర మీద విపరీతంగా పెరుగుతుంది. రిపోర్టులో హెర్2 స్కోరు 3+ ఉంటే పాజిటివ్. 2+ అయితే ఫిష్ టెస్ట్ (హెర్2 జీన్ కాపీలు పెరిగాయా అని చూసే పరీక్ష) చేయించాల్సిందే, ఈలోగా టెన్షన్ పడి ఏదీ తేల్చుకోవద్దు. దీని మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్‌కు అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. బెంగళూరు కంపెనీ బయోకాన్ 2014లో దీని బయోసిమిలర్ (అసలు మందుకు దాదాపు సమానంగా చేసిన మందు) తెచ్చింది. ఒకప్పుడు బాగా భయపెట్టిన రకమిది. ఇప్పుడు మందుల విషయంలో ట్రిపుల్ నెగటివ్ కన్నా దీనిదే పైచేయి అంటాను.

ట్రిపుల్ నెగటివ్‌లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్లు ఉండవు, హెర్2 పెరగదు. అయినా చేతులెత్తేయక్కర్లేదు. చాలా ట్యూమర్లలో కణం మీద ట్రోప్2 అనే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని పట్టుకుని కీమో మందును కణంలోకి చేర్చే సాసిటుజుమాబ్ గోవిటెకాన్‌కు 2020లో అమెరికా అనుమతిచ్చింది, ముదిరిన దశకు. విరేచనాలు, తెల్లరక్తకణాలు తగ్గడం దీంతో మామూలే. పీడీ-ఎల్1 (ఇమ్యూనోథెరపీ పనికొస్తుందా అని చూసే ప్రోటీన్), బీఆర్‌సీఏ (వంశపారంపర్యంగా రాగల జీన్ మార్పు) పరీక్షలు అవసరమా అని డాక్టరును తప్పక అడగండి. బీఆర్‌సీఏ మార్పు బయటపడితే అక్కచెల్లెళ్లూ పరీక్ష గురించి మాట్లాడాలి.